సరుకు ఓడకు కాపలా

పీయూసీ రెండోసారి కూడా తప్పాక నన్నేం చేయాలో ఇంట్లో ఎవరికీ తోచలేదు. సరిగ్గా అప్పుడే పావగడ బస్టాండు దగ్గర, ఒక బట్టలకొట్టు పైన మిద్దెలో, కంప్యూటర్ సెంటర్ తెరిచారు. చేరతానని పట్టుబట్టాను. నాన్న ఒప్పుకున్నాడు గానీ మేనత్త తోడు వెళ్లాలన్నాడు.

మేనత్త అంటే నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంట్లోనే ఉండిపోయింది. బజారులో మా వేరుశనగ మండీ నాన్న పేరు మీద ఉన్నా, నడిచేది అత్త గొంతు మీద. ఆ ఏడు వానల్లేవు, కాయ రాలేదు. మండీలో ఈగలు తోలుకోవడం కంటే నా వెంట రావడమే నయమనుకుంది.

మొదటిరోజు గుమ్మం దగ్గర చెప్పులు విప్పమన్నారు. లోపల దుమ్ము పడకూడదట.

"ఇదేమన్నా గుడా?" అంది అత్త. అయినా విప్పింది.

సెంటర్లో పాఠాలు చెప్పేది బెంగుళూరు నుంచి వచ్చిన ఒక సన్నపాటి కుర్రాడు. నేను ప్రతి అక్షరాన్నీ వెతుక్కుని పొడవడం చూసి విసిగిపోయి, "ముందు మీకు వేళ్ల భయం పోవాలి" అని ఒక ఆట పెట్టిచ్చాడు. తెర నిండా నలుపు, అందులో చుక్కలు. మనం ఒక చిన్న యుద్ధవిమానంలో కూర్చుని అంతరిక్షంలో తిరుగుతుంటాం. బాణం గుర్తుల మీటలతో తిప్పాలి, పొడుగు మీట నొక్కితే తుపాకులు పేలతాయి. అడుగున గుండ్రటి రాడార్లో మనవాళ్లు పచ్చ చుక్కలు, శత్రువులు ఎర్ర చుక్కలు. దెబ్బలు తగలకుండా ముందొకటి, వెనకొకటి కవచాలుంటాయి. ఏది తరిగిపోతుంటే దాని మీట నొక్కి నింపుకోవాలి.

మొదటి పోరాటాలు గెలిచాను. తర్వాత ఒకదాని దగ్గర ఆగిపోయాను. ఒక సరుకు ఓడ నింపాదిగా దూరంలోని స్టేషనుకు పోతుంటుంది, అది క్షేమంగా చేరేదాకా మనం కాపలా కాయాలి. ఎన్నిసార్లు ఆడినా అది దారిలోనే పేలిపోయేది.

బల్ల మీద కూర్చుని వక్కాకు నములుతున్న అత్త ఒకనాడు లేచి వచ్చి నా వెనక నిలబడింది.

"యాడికే పోతాండావు?"

"శత్రువు పారిపోతాండాడత్తా. పట్టుకోవల్ల."

"పోయేటోన్ని పోనీ. నీకు జెప్పిన పనేంది?"

"ఆ ఓడను కాపాడేది."

"అది యాడుండాది మరి?"

నేను వెనక్కి తిరిగేసరికి ఓడ నిప్పుల ముద్దయింది.

"లెయ్యి. నేను కూచుంటా" అంది అత్త.

గాజులు మోచేతిదాకా ఎగదోసుకుని కూర్చుంది. మొట్టమొదటి దెబ్బకే మన ఓడనే కాల్చింది. పాఠాల అబ్బాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నగొద్దప్పా. అది అడ్డమొచ్చింది."

వారం తిరిగేసరికి అత్త చెయ్యి కుదిరింది. ఇంగ్లీషు అక్షరం రాదు, కానీ పచ్చ ఏదో ఎరుపు ఏదో తెలిస్తే చాలు కదా. ఓడ పక్కనుంచి అంగుళం కదిలేది కాదు. శత్రువు దగ్గరికొస్తే, "రా నాయనా, రా, ఇంకొంచెం రా" అని ముద్దుగా పిలిచి కాల్చేది. వాడు పారిపోతే, "పో, మీ అమ్మకు జెప్పుకోపో" అనేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. కోర్సు నాది, కుర్చీ ఆమెది! అలిగి పక్కన కూర్చున్నదాన్ని ఆమె కవచం తరిగిపోవడం చూసి ఊరుకోలేక మీట నొక్కాను. అప్పట్నుంచి పని పంచుకున్నాం. తిప్పడం, కాల్చడం అత్త వంతు. కవచమూ, వెనకవైపు చూపూ నా వంతు.

ఆటల సంగతి సెంటర్ యజమానికి తెలియకూడదు. ఆయనకు ఎరువుల అంగడి కూడా ఉండేది. ఎప్పుడో ఒకసారి వచ్చి, కంప్యూటర్ల మీద గుడ్డలు సరిగా కప్పారా లేదా చూసి పోయేవాడు. ఆయన మెట్లెక్కే చప్పుడు వినగానే పాఠాల అబ్బాయి ఆట ఆపేసేవాడు.

ఒక శనివారం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, యూపీఎస్ కీచుమంటూ అరవసాగింది. మా ఓడ అప్పటికి స్టేషను కనిపించేంత దూరం వచ్చింది. అంతకుముందెప్పుడూ అంత దూరం తేలేదు. ఆ కీచులో మెట్ల మీది అడుగులు ఎవరికీ వినబడలేదు.

యజమాని లోపలికొచ్చాడు. వెంట నాగలమడిక నుంచి గుడికొచ్చిన మొగుడూ పెళ్లాలు, వాళ్ల కూతురు. పిల్లను చేర్పించాలని అడగడానికి వచ్చారట.

"ఏంది ఇది?" అన్నాడు యజమాని.

అత్త తల తిప్పలేదు. "ఉండప్పా. బండి ఇంకా చేరలా."

"ఎవరీమె?"

"ఆ అమ్మాయికి తోడొచ్చినారు సార్" అన్నాడు పాఠాల అబ్బాయి గోడకు అతుక్కుపోయి.

యజమాని స్విచ్చు వైపు చెయ్యి చాపాడు. ఆ పిల్ల తల్లి గభాల్న అడ్డుపడింది.

"ఉండన్నా! ఎర్రచుక్క ఒగటి ఎనకాల వస్తాండాది సూడు!"

నిజమే, నేను చూడలేదు. అత్త విమానం గిర్రున తిప్పింది. ఆ పిల్ల తండ్రి టోపీ తీసి చేతబట్టుకుని, "అక్కా, ఎడమకి! ఎడమకి!" అన్నాడు. నా వేలు ఏ మీట మీద ఉండాలో మరిచిపోయి గాల్లో ఆగింది. వెనకనుంచి యజమాని గొంతు గట్టిగా వినిపించింది:

"కవచం నింపమ్మా, కవచం! ముందరిది కాదు, ఎనకది!"

నొక్కాను. అత్త కాల్చింది. ఎర్ర చుక్క ఆరిపోయింది.

అప్పుడు అందరం ఒక్కసారి యజమాని వైపు తిరిగాం. ఆయన ఆగిపోయిన ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

ఓడ మెల్లగా స్టేషను నోట్లోకి వెళ్లింది. తెర మీద పతకం బొమ్మ, కింద రెండు వరుసల ఇంగ్లీషు వచ్చాయి. నేను పైకి చదవబోయేలోగా యూపీఎస్ చచ్చిపోయి తెర నల్లబడింది.

యజమాని గొంతు సవరించుకుని ఆ దంపతులతో, "ఇది కీబోర్డు ప్రాక్టీసు" అన్నాడు. వాళ్లు పిల్లను అప్పటికప్పుడే చేర్పించారు. పాఠాల అబ్బాయి ఉద్యోగానికేమీ కాలేదు.

మెట్లు దిగి బజారులో సగం దూరం వచ్చాక అత్త ఆగింది.

"కడాకు ఏమి రాసినాడే దాంట్లో?"

"నీకు పెద్ద ఆఫీసరు పదవి ఇచ్చినారత్తా."

"నాకా?"

"నీకే."

కొంగు భుజం మీదికి లాక్కుని తల పైకెత్తి నడిచింది. మండీ మెట్ల మీద కూర్చున్న నాన్న, "ఏం నేర్పిస్తాండారు ఆడ?" అని అడిగాడు. "నీకు జెప్పినా తెలీదులే" అని లోపలికి వెళ్లిపోయింది.

చలికాలంలో నా కోర్సు ముగిసింది. సర్టిఫికెట్ చేతికొచ్చింది, నేను సెంటరుకు వెళ్లడం మానేశాను. ఆ నాగలమడిక పిల్ల తల్లికి గొర్రెలను వదిలి రావడం కుదరక, బిడ్డకు తోడుండమని అత్తను బతిమాలుకుంది. రెండో మాట అడగకుండా అత్త ఒప్పేసుకుంది. నాకు కోర్సు అయిపోయింది, అత్తకు కాలేదు.