మడత కింద గురువారం

బ్రిస్బేన్ దగ్గర మా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇండియన్ షాపువాళ్లు ఏటా ఉగాదికి ముందు ఒక తెలుగు కాలెండరు ఉచితంగా ఇస్తారు. మొన్న దాన్ని విప్పితే పచ్చి సిరా వాసన, అదే సంచిలో పడేసిన ఇంగువ డబ్బా వాసన కలిసి గుప్పుమన్నాయి. పక్కింటి కిరణ్ అప్పుడే వచ్చాడు. పేజీలు తిప్పి, తల పట్టుకున్నాడు. "అధికమాసం పడింది అంకుల్. కొత్తింటి సెటిల్‌మెంట్, అదే డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజు, కరెక్ట్‌గా ఆ మంత్‌లోనే ఉంది. డేట్ మార్చమంటే ఏజెంట్ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. అమ్మేమో ఫోన్‌లో ఒకటే గొడవ." అధికమాసం అంటే అందరికీ ఆగిపోయిన గృహప్రవేశాలు గుర్తొస్తాయి. నాకు భ్రమరాంబ గారు గుర్తొస్తారు. ఆమె పోయి నాలుగేళ్లయింది.

ఆమెది గుంటూరు. పెళ్లయిన కొత్తలో మెల్‌బోర్న్ వచ్చి, అక్కడే చదివి, అక్కడే యూనివర్సిటీలో చరిత్ర చెబుతూ రిటైరయ్యారు. ఆమె చెప్పేది మూడు వందల ఏళ్ల కిందటి సముద్ర యుద్ధాల గురించి. ఫిరంగులూ వీరులూ ఆమెకు పట్టేవి కావు. యుద్ధం తరువాత కోర్టులో జరిగే గొడవే ఆమెకు కావాలి. ఆ రోజుల్లో రాజులు ప్రైవేటు ఓడలకు అనుమతి పత్రాలిచ్చి, శత్రువుల వర్తక ఓడల్ని పట్టుకోమని పంపేవారు. పట్టుకున్నంత మాత్రాన ఓడ వాళ్లదైపోదు. అది నిజంగా శత్రువుదేనా, అందులో ఏ పక్షానికీ చెందని వర్తకుడి సరుకు ఏమైనా ఉందా అన్నది కోర్టు తేల్చాలి. అంతవరకూ సరుకు గదికి ముద్ర వేసి ఉంచాలి, మూట విప్పకూడదు. విప్పినవాడు గెలిచే కేసు కూడా పోగొట్టుకునేవాడు. ఈ విషయం చెప్పేటప్పుడు మాత్రం ఆమె ముఖంలో కాస్త సంతోషం కనిపించేది.

నేను ఆమె దగ్గర పీహెచ్‌డీకి చేరేనాటికి అక్కడ అందరూ ఆమెను పేరు కుదించి "బ్రామ్" అని పిలిచేవారు. మా కృష్ణా జిల్లా నోటికి అది ఎలా వస్తుంది? మొదటి రోజే "మేడమ్" అన్నాను. "మేడమేంటయ్యా, ఎమ్మార్వో ఆఫీసుకొచ్చినట్టు? సరే, అలవాటైతే అలాగే పిలువు. ఆంటీ అని మాత్రం అనకు, సెమినార్‌లో నా పరువు పోతుంది" అన్నారు. నేను అననని మాటిచ్చాను.

ఆమె సెమినార్ నడిపే పద్ధతి వేరు. పాత కేసు ఒకటి తీసుకుని, గదిలో మూడు బల్లలు వేయించేవారు. ఓడను పట్టుకున్నవాళ్లు ఒక బల్ల, పోగొట్టుకున్నవాళ్లు ఒక బల్ల, జడ్జీలు మరొకటి. మొదట చదవాల్సింది ఓడిపోయినవాడి కాగితాలు. గెలిచినవాడి మాట ఎలాగూ తీర్పులో ఉంటుంది, దానికోసం తొందరపడక్కర్లేదు అనేవారు. నా మొదటి సెమినార్‌లో నేను పోగొట్టుకున్నవాళ్ల బల్ల దగ్గర కూర్చున్నాను. లేచి ఆవేశంగా, "ఈ సముద్రపు దొంగలు" అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపేశారు.

"దొంగలని ఎవరు తేల్చారు?"

"అందరికీ తెలిసిందే కదా మేడమ్."

"ఓహో. కోర్టుకి తెలీదు, నీకు తెలుసు. వెరీ గుడ్. మరి ఈ కాగితాలన్నీ దేనికి? ఇంటికెళ్లి పడుకుందాం పదండి."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట వారం రోజులుంది, తరువాత ఎలా పోయిందో తెలియదు. రెండో ఏడాదికి నేను కూడా కాగితాలు చూడకుండా ఎవరైనా మాట్లాడితే చెయ్యెత్తి ఆపడం నేర్చుకున్నాను. మెల్‌బోర్న్ శివార్లలోని ట్రుగనీనాలో నాతోపాటు ఇల్లు పంచుకున్న కుర్రాళ్లకు అదేమీ నచ్చేది కాదు. అక్కడి గోడౌన్‌లో మధ్యాహ్నం షిఫ్టు చేసి వచ్చి, వండుకున్న అన్నం చల్లారుతుంటే, క్రికెట్ అంపైర్ తప్పు చేశాడా లేదా అన్నదానికి సాక్ష్యం అడిగేవాణ్ణి.

ఆమెకు పేరు తెచ్చిన పుస్తకంలో ఒక అధ్యాయం పాపయ్య అనే మచిలీపట్నం వర్తకుడిది. ఫ్రెంచి ఓడ ఒకదాన్ని బంగాళాఖాతంలో ఇంగ్లీషు ప్రైవేటు ఓడ పట్టుకుంది. ఓడ శత్రువుదే, అందులో తగాదా లేదు. తగాదా అందులో ఉన్న అద్దకపు బట్టల మూటల గురించి. అవి తనవని, తాను ఏ పక్షంవాడినీ కాదని, తిరిగి ఇమ్మని పాపయ్య లండన్ కోర్టును అడిగాడు. రుజువుగా సరుకు ఓడకెక్కించిన రోజున మూటలు పంపుతున్నట్టు తాను ఒక మనిషికి రాసిన తెలుగు ఉత్తరం ఒకటి తరువాత పంపాడు. దాన్ని చదివేవాళ్లు అక్కడెవరూ లేరు. గుమాస్తా దాని వెనక "అర్థం కాని రాత" అని రాసి కట్టలో పడేశాడు. మూటలు ఫ్రెంచివాళ్లవేననీ, పాపయ్య పేరు ముసుగు మాత్రమేననీ కోర్టు తేల్చింది.

ఆ ఉత్తరాన్ని రెండున్నర శతాబ్దాల తరువాత మొదట చదివింది భ్రమరాంబ గారే. అందులో "భాద్రపద శుద్ధ దశమి" అని ఉంది. ఆ ఏడు అధిక భాద్రపదం వచ్చింది, అంటే భాద్రపదం రెండుసార్లు, మొదటిదే అధికం. ఓడ పట్టుబడింది రెండు దశముల మధ్య. మొదటి దశమి అయితే ఉత్తరం నిజం. రెండోది అయితే పట్టుబడ్డాక తీరిగ్గా కూర్చుని సృష్టించింది. అధికమాసంలో ఏ తెలుగు వర్తకుడూ సరుకు ఓడకెక్కించడు, శుభకార్యం ఏదీ చేయడు కాబట్టి ఇది రెండోదే, ఉత్తరం దొంగది అని ఆమె రాశారు. కోర్టు చదవకుండా చెప్పిన తీర్పును ఆమె చదివి బలపరిచారు. ఐరోపావాళ్లెవరికీ తట్టని వాదన అది. దాన్ని అందరూ మెచ్చుకున్నారు, నేను కూడా. ఆమె దగ్గరికి నన్ను లాక్కొచ్చింది ఆ అధ్యాయమే.

మూడో ఏడాది నా పనికోసం అదే కట్టకు లండన్ నుంచి కొత్త ఫోటోలు తెప్పించాను. ఆమె చదివింది పాత మైక్రోఫిల్మ్. అందులో ఉత్తరం మడత పడి, తేదీ పక్కన ఒక మాట కనిపించేది కాదు. కొత్తగా ఫోటో తీసినవాళ్లు మడత విప్పి తీశారు. దాని కింద "గురువారం" అని ఉంది. పంచాంగ గణితం వేసి చూశాను. మొదటి దశమి గురువారం. రెండోది శనివారం. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అదే వచ్చింది. పాపయ్య అబద్ధమాడలేదు.

సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం భయం వేసింది. నా స్కాలర్‌షిప్ గడువు పెంచాలంటే ఆమె సంతకం కావాలి. ఆ గడువు మీదే వీసా ఆధారపడి ఉంది. ఆ తరువాత ఉద్యోగానికి ఆమె సిఫారసు కావాలి. ఆమె ముప్పై ఏళ్ల పేరు నిలబడ్డ పేజీ తప్పని నేనెలా చెప్పను? ఫోటోను ఫైల్లో పెట్టి మూసేశాను. డిగ్రీ చేతికొచ్చాక చూద్దాంలే అనుకున్నాను. అయిదు నెలలు అలా గడిచాయి. ఈ లోపల గడువు పెంచే కాగితం మీద ఆమె సంతకం కూడా పడింది.

ఆ ఏడు సెమినార్‌లో ఆమె మళ్లీ పాపయ్య కేసు తీశారు. ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి ఒకతె, నోట్సు రాసుకుంటూ తలెత్తి, "సో పాపయ్య వాజ్ ఎ లయర్, రైట్?" అంది. మేడమ్ తెలుగులోనే, "అవునమ్మా, పచ్చి అబద్ధాలకోరు" అన్నారు. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది. నవ్వి, రాసుకుంది. పన్నెండు మంది రాసుకున్నారు. నేను జడ్జీల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. చచ్చినంత సిగ్గేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం టార్నీట్‌లో మేడమ్ వాళ్లింటికి వెళ్లాను. ఫోటో ప్రింటు బల్లమీద పెట్టి, మాటలు వెతుక్కుంటూ చెప్పాను. ఆమె అడ్డు రాలేదు. భూతద్దం తెచ్చుకుని చాలాసేపు చూశారు. తరువాత లేచి వంటింట్లోకి వెళ్లి, రెండు గ్లాసుల కాఫీ కలిపి తెచ్చారు. ఒక తెల్లకాగితం ముందు పెట్టుకుని, నా లెక్క వైపు చూడకుండా, వారాలు తానే మొదటినుంచి లెక్కకట్టారు. గంట పట్టింది. చివరికి పెన్సిల్ కింద పెట్టారు.

"గురువారమేనయ్యా."

"మైక్రోఫిల్మ్‌లో కనపడలేదు కదండీ. మీ తప్పేముంది?" అన్నాను.

"కనపడనప్పుడు కనపడలేదని రాయాలి. నేనేం చేశాను? మడత కింద ఏముందో మా అమ్మమ్మనడిగి రాసేశాను. అధికమాసంలో గుమ్మం దాటకూడదని ఆవిడ అనేది. పాపయ్యకి మా అమ్మమ్మ తెలీదు. తుఫాన్లు మొదలయ్యేలోగా ఓడ వెళ్లిపోవాలని మాత్రం తెలుసు."

"మరి అధిక అని ఎందుకు రాయలేదంటారు?"

"ఏమో. సరుకు పంపే ఉత్తరంలో ఆ మాట రాయడం ఇష్టంలేక వదిలేశాడేమో. నాకు తెలీదు. చూశావా, ఈసారి తెలీదన్నాను."

నేను ఊరడించబోయాను. ఎంతయినా పాత సంగతి, ఇప్పుడు ఆ మూటలు ఎవరికీ తిరిగిరావు, ఎవరికీ నష్టం లేదు అన్నాను. ఆమె నావైపు కాస్త చిరాకుగా చూశారు.

"అతన్ని కోర్టు ఒకసారి అబద్ధాలకోరంది. నేను రెండోసారి అన్నాను. కోర్టుకి తెలుగు రాదు రఘూ. నాకు వచ్చు."

తరువాతి వారం సెమినార్‌లో ఆమె ఎప్పుడూ కూర్చునే జడ్జీల బల్ల వదిలి ఓడను పట్టుకున్నవాళ్ల బల్ల దగ్గర ఒక్కరే కూర్చున్నారు. నన్ను పాపయ్య తరఫున నిలబెట్టారు. నేను మెత్తగా, కొత్త ఫోటోల వల్ల కొత్త సంగతులు తెలుస్తున్నాయంటూ నసిగాను. "తప్పు ఎవరిది? పేరు చెప్పవయ్యా" అని అందరి ముందూ గద్దించారు. చెప్పాను. ఆమె తన పుస్తకం తెరిచి, ఆ పేజీ చదివి, "ఇది తప్పు. కొట్టేసుకోండి" అన్నారు. ఆ తెలుగమ్మాయి నోట్సులో గీత గీయడం చూశాను. ఈ సంగతి మీద నేను రాసిన వ్యాసంలో కూడా ఆమెను కాపాడుతూ రాసిన వాక్యాలన్నీ కొట్టేసి, మార్జిన్‌లో "నాకు వకీలు అక్కర్లేదు" అని రాసి పంపారు. ఆ వ్యాసం నా ఒక్కడి పేరుమీదే అచ్చయింది.

ఆ మరుసటి ఏడు బ్రిస్బేన్‌లో ఉద్యోగం వచ్చింది. సిఫారసు ఉత్తరం ఆమే రాశారు. దాచాల్సిందేమీ లేదని నాకూ ఒక కాపీ ఇచ్చారు. తన తప్పు నేను పట్టుకున్న సంగతి మొదటి పేరాలోనే ఉంది. "అది నాకు చెప్పడంలో అతనికి నష్టం తప్ప లాభం లేదు. చివరికి వచ్చి చెప్పాడు" అని ఉంది. ఎంత గొప్పగా రాశారో అని పొంగిపోయాను. క్లాసుల్లో, విందుల్లో, తెలుగువాళ్ల సభల్లో ఆ కథ చాలాసార్లు చెప్పాను. అందులో ఆమె గొప్పవారు, నేను ధైర్యవంతుణ్ణి. అయిదు నెలల సంగతి ఎక్కడా చెప్పలేదు. ఆమెకు కూడా చెప్పలేదు. ఆమె అడగలేదు కాబట్టి తెలియదనే అనుకున్నాను.

ఆమె పోయాక వాళ్లమ్మాయి సుధ ఫోన్ చేసింది. "అమ్మ పేపర్స్‌లో ఒక బాక్స్ మీద మీ పేరుంది. పోస్ట్ చేసేస్తున్నా" అంది. పెట్టె విప్పితే, ఆ శనివారం నేను ఆమె బల్లమీద వదిలివచ్చిన ప్రింటు పైనే ఉంది. పాత కాగితాలు భద్రపరిచే ఆ లండన్ ఆఫీసు ప్రతి ఫోటో కింద అంచున చిన్న అక్షరాల్లో దాన్ని పంపిన తేదీ వేస్తుంది. నేనెప్పుడూ గమనించలేదు. ఆమె దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంచారు. పక్కన, ఆ శనివారం తేదీ. రెండిటి మధ్య ఒక చిన్న గీత. ఇంకేమీ రాయలేదు.

తేదీలు చూడడమే పనిగా బతికిన మనిషి. భూతద్దం పట్టుకున్న ఆ మొదటి నిమిషంలోనే చూసి ఉంటారు. చూసే కాఫీ కలిపారు, చూసే నన్ను పాపయ్య పక్కన నిలబెట్టారు, చూసే ఉత్తరం రాశారు. ఆ కాపీ వెతికి తీసి మళ్లీ చదివాను. "చివరికి" అని ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది. అబద్ధం రాయలేదు, నన్ను ముంచనూ లేదు.

ఇప్పుడు నాకు ఎవరి తప్పయినా కనిపిస్తే, నాదైనా సరే, ఆ రోజే చెప్పేయాలని చూస్తాను. అన్నిసార్లూ చెప్పగలుగుతున్నానని కాదు. చెప్పకుండా దాటేసిన రోజులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి చుట్టూ సున్నా చుట్టే మనిషి లేరు కాబట్టి, నేనే చుట్టుకుంటున్నాను.