రాత్రి పళ్ళు ఎక్కడ పడుకున్నాయి?

గ్లాసు మామయ్యకు మనిషి ఎదురైతే నమస్కారం రాదు, కుశలప్రశ్న రాదు. "రాత్రి పళ్ళు ఎక్కడ పడుకున్నాయి?" అని వస్తుంది. జవాబు చెప్పందే ఆయన ఎవరినీ కదలనివ్వడు. బస్సు తప్పిపోతోందని మొత్తుకున్నా సరే, బస్సు మళ్ళీ వస్తుంది, ముందు చెప్పు అంటాడు.

ఆయన వృత్తి కట్టుడు పళ్ళు తయారు చేయడం. సెట్టుతో పాటు మూత ఉన్న గాజుగ్లాసు ఒకటి ఊరికే ఇస్తాడు. పడుకునే ముందు సెట్టు తీసి, కడిగి, ఆ గ్లాసులో నీళ్ళలో వేయాలన్నది ఆయన చట్టం. ఆ పేరు అలా వచ్చింది. సరే, కట్టించుకున్నవాళ్ళను అడిగాడంటే అర్థముంది. ఈ మహానుభావుడు సొంత పళ్ళు నిక్షేపంలా ఉన్నవాళ్ళను కూడా అడుగుతాడు! అదీ తంటా.

ఒకసారి ట్రాఫిక్ పోలీసు ఆయన స్కూటరు ఆపాడు.

"లైసెన్సేది?"

"చూపిస్తాను గానీ బాబూ, రాత్రి పళ్ళు ఎక్కడ పడుకున్నాయి?"

"నోట్లోనే!" అన్నాడు పోలీసు బిత్తరపోయి.

"సొంతవేనా?"

"సొంతవేనండీ!"

"అయితే పరవాలేదు, వెళ్ళు" అని మామయ్య స్కూటరు స్టార్టు చేసుకుని పోయాడు. తనను ఎవరు ఎందుకు వదిలిపెట్టారో ఆ పోలీసుకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఇంకోసారి పెళ్ళిలో బహుమతి ఇవ్వడానికి వేదిక ఎక్కి, ఫొటోకు నిలబడి, పెళ్ళికూతుర్నే అడిగేశాడు. ఆ పిల్లకు ఇరవై రెండేళ్ళు. పెళ్ళికొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. "పళ్ళ సంగతి ఏమైనా దాచారా?" అని అత్తగారి వైపు చూశాడట.

అదే వీధిలో ఉండే టీచరమ్మకు మాత్రం ఆ ప్రశ్న వింటే ఒళ్ళు మండేది. పాలప్యాకెట్టుకని వీధిలోకి వస్తే చాలు, నలుగురిలో అడుగుతాడు. "ఉండాల్సిన చోటే పడుకున్నాయి!" అని ఆమె విసురుగా నడిచిపోయేది. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి, పిల్లల అబద్ధాలను మొహం చూసి పట్టేసిన మనిషి, రోజూ పొద్దున్నే ఒక అబద్ధంతో మొదలుపెట్టాల్సి వచ్చేది.

సంగతేమిటంటే, ఆమెకు పన్నెండేళ్ళుగా షుగరు. దాంతో చిగుళ్ళు దెబ్బతిని, నాలుగేళ్ళ కిందట పైవరస పళ్ళన్నీ పీకేశారు. అప్పుడు భర్త దూరపు స్టేషన్లో స్టేషన్ మాస్టరు. ఆయన రెండు నెలల తర్వాత సెలవు మీద వచ్చేసరికి కొత్త సెట్టు తళతళలాడుతూ నోట్లో ఉంది. "పళ్ళు శుభ్రం చేయించుకున్నానండీ" అంది. "బాగున్నాయోయ్" అన్నాడాయన. ఇంకేముంది! ఆనాటినుంచి ఆమె సెట్టు తీసింది లేదు. బాత్రూము గడియ పెట్టుకుని ఒక్క నిమిషంలో కడిగి మళ్ళీ తొడుక్కునేది. ఆయన రిటైరై ఇంటికొచ్చాక ఆ నిమిషం అరనిమిషమైంది. మామయ్య ఇచ్చిన గ్లాసులో పిన్నీసులు వేసుకుంది.

ఇలా ఉండగా నోరు మంట మొదలైంది. కాఫీ తగిలితే నిప్పు, కారం తగిలితే ప్రాణం పోయినంత పని. పెదవుల మూలలు పగిలాయి. నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాల పలుకుల్లా తెల్లగా పేరుకుంది. గుడ్డతో తుడిస్తే కింద ఎర్రగా పుండులా ఉంది. అద్దంలో చూసుకున్న టీచరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. ఒకే ఒక్క జబ్బు పేరు మనసులోకి వచ్చింది. ఆ పేరు పైకి అనడానికి కూడా ధైర్యం చాలలేదు.

తను పోతే ఈయన గతేమిటి? వేలకొద్దీ రైళ్ళు నడిపించాడు గానీ స్టవ్ వెలిగించడం రాదు. మర్నాటినుంచి వంట పాఠాలు మొదలయ్యాయి.

"ఏమండీ, ఇలా రండి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. చెప్పండి, మూడు గ్లాసుల బియ్యానికి?"

"ఆరు. ఎందుకోయ్ ఇప్పుడివన్నీ?"

"ఊరికే! కుక్కరు ఎన్ని కూతలు వేశాక కట్టేయాలి?"

"రైలైతే ఒక్క కూతకే కదులుతుంది. దీనికి మూడెందుకు?"

ఆమె వంటింటి మూలకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలు అంది. ఆవేళ ఇంట్లో ఉల్లిపాయే లేదు.

మంట మరీ ఓర్చుకోలేక చివరికి, సెట్టు బిగుతుగా ఉందన్న వంకతో మామయ్య పనిగదికి వెళ్ళింది. చుట్టూ అరల్లో సుద్దతో పోసిన దవడల అచ్చులు, బల్ల మీద గులాబిరంగు మైనం, మూల అరగదీసే మోటారు. మామయ్య నుదుటికి దీపం కట్టుకుని కూర్చున్నాడు.

"కాస్త అరగదీస్తే చాలండీ."

"తీసి చూపించండి. రాత్రి పళ్ళు ఎక్కడ పడుకున్నాయి?"

"గ్లాసులోనే."

మామయ్య దీపం వెలుగులో అంగిట్లోకి చూశాడు. "టీచరమ్మా, అబద్ధం. సెట్టు ఆకారం అచ్చు గుద్దినట్టు అంగిలంతా ఎర్రబడిపోయింది. నాలుగేళ్ళుగా వీటికి ఒక్క పూట సెలవివ్వలేదు మీరు."

టీచరమ్మ ఇక ఆగలేక, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగింది. "మామయ్యగారూ, నిజం చెప్పండి. ఇది... ఆ జబ్బేనా? ఎన్నాళ్ళు బతుకుతాను?"

"మీరా? నన్ను తిట్టడానికైనా ఇంకో ముప్ఫై ఏళ్ళు బతుకుతారు. నాకు తెలిసి ఇది బూజు."

"బూజా! నా నోట్లోనా!"

"నేను డాక్టర్ని కాను, పదండి" అని అప్పటికప్పుడు మేడమీది డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు.

డాక్టరమ్మ నోరు చూసింది, పుల్లతో కాస్త గీకి పరీక్షకు పంపింది, రక్తం తీయించింది. షుగరు రెండువందల తొంభై. మర్నాడు ఫలితం చూసి చెప్పింది. "మీరు భయపడ్డ జబ్బు కాదమ్మా. ఈస్టు. ఎవరి నోట్లోనైనా కాస్త ఉంటుంది. షుగరు పెరిగితే ఉమ్మిలోనూ తీపి పెరుగుతుంది. ఇక దానికి రోజూ విందే. పైగా రాత్రీ పగలూ తీయని సెట్టు కింద హాయిగా కాపురం పెట్టింది. రెండు వారాలు మందు వేస్తే పోతుంది. కానీ షుగరు తగ్గించాలి, రాత్రిపూట సెట్టు తీయాలి. లేకపోతే మళ్ళీ వస్తుంది."

ప్రాణం లేచొచ్చింది. మెట్లు దిగి మామయ్య పనిగదికి వచ్చేలోపే మళ్ళీ జారిపోయింది.

"రాత్రిపూట తీయడమా? ఆయన ముందు బోసినోటితోనా? చస్తే తీయను!" అంది టీచరమ్మ. భయమంతా కోపమై మామయ్య మీదికి మళ్ళింది. "అసలు మీరు! నలుగురిలో ఆ ప్రశ్న వేసి పరువు తీస్తారు! పెళ్ళికూతుర్ని అడుగుతారా ఎవరైనా? పోలీసుని అడుగుతారా? మతి ఉండే అడుగుతున్నారా?"

మామయ్య నుదుటి దీపం ఆర్పాడు. కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

"మిమ్మల్ని ఒక్కర్నే అడిగితే, మీకు కట్టుడు పళ్ళని వీధంతా తెలిసిపోదూ? అడక్కపోతే మీరు తీయరు. అందుకని పళ్ళున్న ప్రతివాణ్ణీ అడుగుతాను. మీ స్టేషన్ మాస్టర్ని వారానికి రెండుసార్లు అడుగుతున్నాను. నాకు పిచ్చి అనుకుంటారు, అనుకోనీండి. ఈ వీధిలో నా సెట్లు పెట్టుకున్నవాళ్ళు నలభైమంది. వాళ్ళెవరో మీకు తెలుసా?"

టీచరమ్మ ఆలోచించింది. ఒక్కరి పేరు కూడా తట్టలేదు. ఇన్నేళ్ళు ఈ మనిషిని ఎన్ని మాటలనుకుందో తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం పిన్నీసులు పక్కన పోసి, గ్లాసు కడిగి, నీళ్ళు పోసి భర్త ముందు పెట్టింది. నోరు మంట సంగతి, తన భయం, నాలుగేళ్ళ అబద్ధం అన్నీ చెప్పేసింది. కళ్ళు గట్టిగా మూసుకుని సెట్టు తీసి గ్లాసులో వేసింది.

స్టేషన్ మాస్టరు ఆ గ్లాసును చూశాడు. భార్యను చూశాడు. "అందుకా అన్నం వండించావు నాచేత!" అన్నాడు. కాసేపు ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి కాగితం తెచ్చి, పాత అలవాటు కొద్దీ టైముటేబులు రాశాడు. సెట్టు దిగవలసిన సమయం తొమ్మిది, ఎక్కవలసిన సమయం ఆరున్నర. మందు వేళలు వేరే వరసలో. "ఆలస్యానికి వీల్లేదు" అని కింద సంతకం కూడా పెట్టాడు. టీచరమ్మ పళ్ళు లేని నోటితోనే నవ్వేసింది.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ పాలకు వెళ్ళారు. అంగడి ముందు పదిమంది ఉన్నారు. ఎదురుగా మామయ్య.

"టీచరమ్మా, రాత్రి పళ్ళు..."

ఆమె నోరు తెరిచేలోపు స్టేషన్ మాస్టరు ముందుకొచ్చి, ప్లాట్‌ఫారం చివరిదాకా వినిపించే పాత గొంతుతో అన్నాడు.

"గ్లాసులో పడుకున్నాయి! మావే! ఇద్దరివీనూ!"

పాలవాడు ప్యాకెట్టు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "మీకూ కట్టుడువేనా సార్? కనిపెట్టలేకపోయాం!"

"నాలుగేళ్ళయింది" అన్నాడు స్టేషన్ మాస్టరు, సొంత పళ్ళు ముప్ఫై రెండూ బయటపెట్టి.

వెనకనుంచి ఎవరో పెద్దమనిషి దగ్గాడు. "నావి కూడా గ్లాసులోనేనండీ" అన్నాడు మెల్లగా. ఆ పక్కన నిలబడ్డావిడ, "నావీను" అంది.

మామయ్య గబగబా కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఇక అడగడానికి ప్రశ్న లేక, జీవితంలో మొదటిసారిగా పాలవాణ్ణి, "బాగున్నావా నాయనా?" అన్నాడు.