నా బార, నాయన బార

నేను ఆత్మకూరులో డిగ్రీ మొదటి సంవత్సరం గణితం చదువుతున్న రోజులవి. మా ఇంట్లో పదో తరగతి దాటినది నేనొక్కదాన్నే. ఉదయగిరి దగ్గర మాకు ఎనభై నిమ్మచెట్లు, వాటికి ఆధారంగా ఒక పాత బావి ఉండేవి.

ఆ ఏడు శివరాత్రికి ఇంటికి వెళ్లేసరికి నీరు బాగా దిగిపోయింది. తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలి, నీటిని తాకిన చోట గుర్తుగా ముడి వేసి, పైకి లాగి కొలిచాను. మా వైపు బావి లోతు బారల్లోనే చెబుతారు. రెండు చేతులూ చాచితే ఈ కొస నుంచి ఆ కొసకు ఒక బార. గట్టు నుంచి నీటికి ఎనిమిది బారలు వచ్చింది. నాలుగు వారాల తర్వాత నాయన తానే కొలిచి, తొమ్మిదని ఫోనులో చెప్పాడు.

నీళ్లు చాలని ఏడు సగం తోటను వదులుకుని, మిగిలిన సగాన్ని దక్కించుకోవడం మా ఊరి పద్ధతి. నాయన కూడా అదే తలచాడు.

“పైన నలభై వదిలేస్తాను పాపా. కింద నలభై అన్నా బతుకుతాయి.”

నేను ఆగమన్నాను. వారాలను x, లోతును y అనుకుంటే నా దగ్గర రెండు బిందువులున్నాయి. నాలుగు వారాలకు ఒక బార తగ్గింది కనుక వాలు నాలుగో వంతు; రేఖ y = x/4 + 8. బావి అడుగు పదమూడు బారలని నాయన చెప్పగా విన్నాను. అంటే ఇరవై వారాలు నీరుంటుంది. ఆలోపు ఒక్క వానైనా పడకపోదు. ఏ చెట్టునూ వదలవద్దని చెప్పాను.

“నీ లెక్క ఆ నీళ్లకు తెలిసుండాదా?” అని నవ్వి, బావి మోటారు వేసి ఎనభై చెట్లకూ నీళ్లు పెట్టాడు.

ఎనిమిదో వారంలో నీళ్లు తొందరగా పోతున్నట్టుందని మళ్లీ ఫోను చేశాడు. పరీక్షల హడావుడిలో ఉండి, కంటికి అలాగే అనిపిస్తుందన్నాను. ఇంకొకసారి కొలవమని అనలేదు.

పదకొండో వారంలో బావి అడుగంటింది.

పరీక్షలయ్యాక ఇంటికి వెళ్లి, శివరాత్రినాటి ముడి దాకా తాడును నాయన చేత కొలిపించాను. నాకు ఎనిమిది వచ్చినచోట ఆయనకు ఏడు కూడా నిండలేదు. ఆయన ఆరడుగుల మనిషి. నేను అయిదడుగుల దాన్ని. మొదటి బిందువు నా చేతులది, రెండోది ఆయన చేతులది. ఆయన బారలతోనే కొత్త రేఖ గీస్తే అది పదకొండో వారానికే అడుగును తాకింది.

నాయన తాడు చుట్టి పక్కన పెట్టాడు.

ఎండిపోయిన ఎనభై చెట్లనూ కొట్టే రోజున పక్క చేను రైతు గట్టు మీద నిలబడి అడిగాడు. “ఏందన్నా, పాప లెక్క తప్పిందంటనే?”

“లెక్క సరిగ్గానే ఉండాది. మోటారు కాలిపోయినాది,” అన్నాడు నాయన.

మోటారుకు ఏమీ కాలేదు. నాయన గొడ్డలి అందుకుని కింది వరుసలోకి దిగాడు. ముళ్ల కొమ్మలను లాగి గట్టున వేస్తూ నేను ఆయన వెనకే నడిచాను.