పదహారో తాడు

నాగరాణి కోలాటానికి ఏ రోజూ సమయానికి రాలేదు. ఏడింటికి మొదలుపెడితే ఏడున్నరకు, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉరికి వచ్చేది. "ఇగ వచ్చిందమ్మా మహారాణి" అని వెక్కిరించేదాన్ని. ఆమె నవ్వి నా ఎదుట నిలబడి కోలలు అందుకునేది. మా నేరేడుచర్ల జట్టులో నాకు జత ఆమే. ఆమె ఉంటే తాళం తప్పదు. అందుకే ఆలస్యమైతే నాకంత కోపం.

ఆమెకు పగలంతా రైస్ మిల్లులో నూకలు, తవుడు ఊడ్చే పని. ఇంట్లో అత్త బక్కమ్మకు పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది. ఆమెకు తినిపించి, పక్క మార్చి, భర్త సైదయ్య షేర్ ఆటో మిర్యాలగూడ నుంచి తిరిగొచ్చాకే నాగరాణి గడప దాటాలి. మిల్లులో చీపురు పట్టుకునే అడుగులు వేసుకునేదట. తోటివాళ్లు నవ్వితే "నాకున్నది గా అర్ధగంటనే, మీకేం పోయింది?" అనేదట. కోలాటం పాటలన్నీ ఆమెకు నేర్పింది బక్కమ్మే. ఒంట్లో బాగున్న రోజుల్లో ఆ ముసలామె గొంతెత్తితే వాడంతా వినేది.

ఈసారి మట్టపల్లి స్వామి కళ్యాణానికి జడ కోలాటం వెయ్యాలని మా గురువు భద్రు పట్టుబట్టాడు. పైన కట్టిన పదహారు రంగుల తాళ్లను పదహారుమందిమి తలొకటి పట్టుకుని, ఎదురెదురుగా తిరుగుతూ జడగా అల్లాలి. మళ్లీ అవే అడుగులు వెనక్కి వేస్తూ విప్పాలి. విప్పేటప్పుడు ఒక్కరు దారి తప్పినా అందరం చిక్కులో పడ్డట్టే. మూడు నెలలు నేర్చుకున్నాం.

"ఒక్కసారి నలుగురి ముందట ఆడాలె శైలజక్కా, గంతే" అనేది నాగరాణి. ఆ రోజు ఆటో తీయకుండా తల్లి దగ్గర కూర్చుంటానని సైదయ్య ఒప్పుకున్నాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె తనకోసం అడిగి తీసుకున్న రోజు అదొక్కటే.

ఆడే ముందు ఫోన్లన్నీ గురువు సంచిలో వెయ్యాలన్నది మా కట్టడి. నాగరాణి వెయ్యలేదు. "అత్తమ్మకేమన్న అయితే ఎట్లక్కా?" అని నడుములో దోపుకుంది. నేను చూసీ ఊరుకున్నాను.

జడ చక్కగా పడింది. జనం చప్పట్లు కొట్టారు. విప్పడం మొదలుపెట్టి నాలుగు చుట్లు తిరిగామో లేదో, ఆమె ఫోన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. ఒక చేతిలో తాడు, ఒక చేతిలో కోల, ఎలా తీస్తుంది? ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. మూడోసారి మోగేసరికి నా కుడిపక్క నుంచి పోవాల్సిన మనిషి ఎడమపక్క నుంచి పోయింది. ఆమె వెంట ఇంకొకరు పోయారు. ఎంత సర్దినా జడ కదల్లేదు. అవతల ఇంకో ఊరి జట్టు తమ వంతు కోసం నిలబడి ఉంది. చివరికి భద్రు కత్తి తెప్పించి తాళ్లు కోసేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఫోన్ సంచిల వెయ్యాలన్న సోయి లేదా నీకు? మూడు నెలల కష్టం మట్టిల కలిపినవ్" అని అందరి ముందూ అరిచాను.

ఆమె నా వంక చూడనైనా లేదు. ఇంటికి ఫోన్ కలిపింది. జనం గోలలో వినపడక స్పీకర్ పెట్టింది.

"ఏం కాలేదే" అన్నాడు సైదయ్య. "అమ్మ నీ పాట వింటనని ఒకటే సైగ చేస్తున్నది. అందుకే చేసిన. షురువయిందా?"

వెనక నుంచి బక్కమ్మ ఏదో అంది. మాకెవరికీ అర్థం కాలేదు. నాగరాణికి అర్థమైంది.

"అయిపోయింది అత్తమ్మా. మంచిగనే ఆడిన" అంది. ఆమె చేతిలో ఇంకా తెగిన తాడుముక్క ఉంది.

తర్వాత ఆమె కోలాటానికి రాలేదు. తప్పయిందని చెబుదామని వాళ్లింటికి వెళ్లాను. తీరా వెళ్లాక "కోలాటానికి ఎప్పుడొస్తవ్?" అని మాత్రం అడిగాను. "తీరుతలేదక్కా" అంది ఆమె, అంతే. నన్ను ఒక్క మాటైనా అంటే బాగుండేది.

మంచంలోంచి బక్కమ్మ నన్ను గుర్తుపట్టింది. ఎడమచేత్తో మంచంపట్టె మీద తాళం కొట్టి, కోడల్ని చూపించి, తీసుకుపొమ్మని సైగ చేసింది. నాగరాణి ఆ చెయ్యి పట్టుకుని దుప్పటి కింద పెట్టింది.