అమ్మ పుండు, అయ్యగారి నూనె

మా అమ్మ నన్ను కడుపులో ఉండగానే దేవుడికి ఇచ్చేసింది. నాకు ముందు పుట్టినవాళ్లు పురిట్లోనే పోయారట. ఈ బిడ్డ బతికితే నీ సేవకే ప్రభువా అని మొక్కుకుంది. నేను బతికాను. మా రాజోలు వైపు పేటల్లో ఇలాంటి మొక్కుబడి పిల్లలు చాలా ఇళ్లలో ఉంటారు. మగపిల్లాడైతే పాస్టరు కావాలి, ఆడపిల్లైతే పాస్టరుకి పెళ్లాం కావాలి. మూడో దారి దేవుడికే తెలియదని మావాళ్ల నమ్మకం.

నేను నర్సునయ్యాను. అమలాపురంలో గవర్నమెంటు ఉద్యోగం. చూడవచ్చిన పాస్టరు కుర్రాణ్ణి వద్దన్నాను. పుండ్లు కడగడం, పక్కలు మార్చడం, చావబోయేవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చోవడం, ఇదే దేవుడు నాకు చెప్పిన పని అని నాకు తొందరగానే తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే సరిగ్గా చెప్పలేను. చీము వాసనకి ముక్కు మూసుకోవడం మరిచిపోయిన రోజున తెలిసింది. అమ్మకి మాత్రం నేను దేవుడి సొమ్ము ఎత్తుకెళ్లి ఆసుపత్రికి ఇచ్చినట్టు. ఇంటికి ఎవరొచ్చినా నా ఎదుటే అనేది, "మా పిల్ల దేవుడి పిలుపు పోగొట్టుకుందండీ. ఏదో ఉద్యోగం చేసుకుంటందండీ." నీ పనీ దేవుడి పనేనే అని ఒక్కసారి ఆవిడ నోటితో వినాలని నాకు ఉండేది. జుట్టు నెరిసినా ఆ కోరిక చావలేదు.

ఒక ఏడాది మంచి శుక్రవారం నాడు చర్చిలో చోటు చాలక బయట సిమెంటు చప్టా మీద షామియానా వేశారు. మావాళ్లు చెప్పులతో ప్రార్థనలో నిలబడరు. అమ్మకి ఎప్పటినుంచో షుగరు, అరికాళ్లకి స్పర్శ లేదు. మధ్యాహ్నపు ఎండలో షామియానా అంచున నిలబడి ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ప్రసంగాలూ విన్నది. ఇంటికొచ్చి కాళ్లు చాపితే ఎడమ అరికాలు బొబ్బలెక్కి తోలు ఊడిపోయి ఉంది. ఆవిడకి నొప్పి కూడా తెలియలేదు.

ఆ పుండుతో నాకు నరకం మొదలైంది. పొద్దున్నే డ్యూటీకి వెళ్లేముందు సెలైన్‌తో కడిగి కట్టు కట్టేదాన్ని. నేను బస్సెక్కగానే పాస్టరమ్మగారు వచ్చేవారు. వాళ్లాయన ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె సీసా తెచ్చేవారు. మా పేటలో పాస్టరుని అయ్యగారంటారు, ఆయన ముట్టుకున్న నూనెకి తిరుగులేదు. అమ్మ నా కట్టు విప్పేసి తనే పుండు నిండా నూనె పోసుకునేది. పాస్టరమ్మగారు కళ్లు మూసుకుని ప్రార్థించేవారు. ఆవిడ చెయ్యి అమ్మ తల మీదే ఉండేది, కాలిదాకా ఎప్పుడూ రాలేదు. సాయంత్రం నేనొచ్చి ఆ జిడ్డంతా తుడిచి, చచ్చిన చర్మం కత్తిరించి, మళ్లీ కట్టేదాన్ని. తిట్టాను, బతిమాలాను, సీసా దొడ్లో పారబోశాను. ఇంకో సీసా వచ్చేది. "నూనె వద్దంటే దేవుణ్ణి వద్దన్నట్టేనే" అనేది అమ్మ. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి అయ్యగారు ఏటా కళ్లనీళ్లు పెట్టుకుని బోధిస్తారు. ఆ శిష్యుల్లో ఎవరికీ షుగరు పుండు లేదు కాబోలు.

వానలు పడేనాటికి పుండు మానింది. ఆ ఆదివారమే అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడమే సాక్ష్యం. "ప్రభువు నామానికి మహిమ. డాక్టర్లు కాలు తీసెయ్యాలన్నారండీ. అయ్యగారి నూనెతో నా దేవుడు కొత్త కాలిచ్చేడండీ." ఏ డాక్టరూ ఆ మాట అనలేదు. అందరూ స్తోత్రం అన్నారు. అక్కడితో ఆగితే నేనూ నోరు మూసుకునేదాన్నే. అయ్యగారు మైకు పట్టుకుని నావైపు తిరిగారు.

"ఆయ్, నర్సమ్మగారు ఇక్కడే ఉన్నారు. మీరే చెప్పండమ్మా, మందులు చెయ్యలేంది నూనె చేసిందని. మీరు చెబితే నలుగురూ నమ్ముతారు."

ఆ చివరి మాటకే నాకు ఒళ్లు మండింది. ఆడవాళ్ల వైపు కూర్చున్న ముసలమ్మల్లో సగం మంది మా ఆసుపత్రిలో షుగరు మాత్రలు తీసుకునేవాళ్లే. రేపు నా మాట పట్టుకుని మాత్రలు మానేస్తారు. లేచాను.

"నూనె రాసిన ప్రతిసారీ పుండు పెరిగిందండీ. ఒకరోజు పురుగులు పడితే నేనే ఏరేను. మానింది ఇన్సులిన్‌తో, కట్టుతో. ప్రార్థన చేసుకోండి. మాత్రలు మాత్రం మానకండి."

పురుగుల మాట చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత చాలామంది అన్నారు. ఎందుకు చెప్పకూడదు? ఉన్నాయి, ఏరాను. దేవుడింట్లో నిలబడి దేవుడి పేరు మీద అబద్ధం చెబితే ఆయన నాకిచ్చిన పని మీద నేను ఉమ్మేసినట్టే. ఇవాళ అడిగినా అదే చెబుతాను.

అమ్మ ఆ రోజునుంచి నాతో మాట మానేసింది. చలికాలంలో వాకిలి ఊడుస్తుంటే చీపురులోని కొబ్బరి ఈనె కుడికాలి వేళ్ల సందులో గుచ్చుకుందట. నాకు చెప్పలేదు. నూనె రాసుకుంది, కుచ్చెళ్లు కిందికి దించుకుంది, వాసన తెలియకుండా మోకాళ్లకి తలనొప్పి బామ్ పట్టించుకుంది. ఒకే ఇంట్లో ఉంటూ, ఊరందరి పుండ్లూ కడిగే కూతురి దగ్గరే దాచింది. ఆ ఘాటు కింద నుంచి అసలు వాసన నా ముక్కుకి తగిలిన రోజున దుప్పటి లాగేశాను. వేళ్లు నల్లబడి ఉన్నాయి. మోకాలి కిందికి కాలు తీసేశారు. ఆపరేషను గది బయట నేను ఏడ్చాను, జాలితో కాదు, కోపంతో. ఆవిణ్ణి పట్టుకుని కొట్టాలనిపించింది.

ఇంటికి తెచ్చాక చూడవచ్చినవాళ్లందరి దగ్గరా అమ్మది ఒకటే పట్టు, పాస్టరమ్మగారు రావాలని. కబురు పంపాను. వచ్చారు, వందనాలమ్మా అంటూ తల మీద చెయ్యి పెట్టబోయారు.

"తల కాదండీ, కాలండీ. ఒక్కసారి ముట్టుకుని ప్రార్థన చెయ్యండి" అంది అమ్మ. కట్టు విప్పమని నాకు సైగ చేసింది.

విప్పాను. ఒక్కో చుట్టే మెల్లగా విప్పాను. కావాలనే మెల్లగా విప్పాను, అబద్ధమెందుకు. పాస్టరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పరుగెత్తారు. వాంతి చేసుకుంటున్న చప్పుడు లోపలికి బాగానే వినిపించింది. నేను అమ్మ మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడైనా ఒక్క మాట అంటుందనుకున్నాను.

అన్ని నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"అలా చూస్తావేటే? ఆవిడకి ఒంట్లో బాగోలేదు పాపం. దేవుడి మనిషి. ఎల్లి మజ్జిగియ్యి."

ఇచ్చాను. ఆవిడ తాగి వెళ్లిపోయారు. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, అమ్మ మొండికాలు ఒళ్లో పెట్టుకున్నాను. నేను కడిగి కట్టు కడుతున్నంతసేపూ అమ్మ కళ్లు మూసుకుని పాస్టరమ్మగారి ఆరోగ్యం కోసం పైకే ప్రార్థించింది. అందులో నా ఊసు లేదు. ప్రార్థన ముగిశాక ఆమేన్ అనడానికి గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అన్నాను.