నా కారు షెడ్డుకు కోట తలుపులు

మేనకోడలి పెళ్ళికి మల్లెపూలతో అలంకరించాల్సిన కారును షెడ్డులో పెట్టి, దానికి నా చేతులతో నేనే సమాధి కట్టిన వైనం ఈరోజు మీకు చెబుతాను. చెప్పకుండా ఉండేవాడినే. కానీ మా బావ దానియేలు ఈ కథను కోడుమూరు బజారులో, చర్చి ముంగిట్లో, చివరికి చావు ఇళ్ళలో కూడా తనకు తోచినట్టు చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. మొన్న ఒక సమాధి కార్యక్రమంలో నన్ను చూసిన ఒక పెద్దమనిషి నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. చనిపోయింది ఆయన సొంత పెదనాన్న. అందుకని అసలు జరిగిందేమిటో చెబుతాను, తప్పెవరిదో మీరే తేల్చండి. తప్పు మా బావది. ఇక చదవండి.

బావ అంటే మా అక్క భర్త. కోడుమూరులో సేద్యం, దానితోపాటు వేరుశనగ వ్యాపారం. ఆయనతో నాకు పాత బాకీలున్నాయి, డబ్బువి కావు. నా పెళ్ళి విందులో మంచి మూలగ బొక్క ఒకటి నా విస్తట్లో పడబోతుంటే, గరిటె కిందికి తన విస్తరి జరిపిన మనిషి ఆయన. “నాకు గుర్తే లేదప్పా” అంటాడు ఇప్పుడు. ఎందుకుంటుంది? తిన్నది ఆయన, చూస్తూ కూర్చున్నది నేను.

కర్నూలులో మేము ఇల్లు కట్టుకున్న కొత్త. గృహప్రతిష్ఠ ప్రార్థనకు బంధువులంతా వచ్చారు. ఇల్లంతా పూర్తయింది కానీ, వీధివైపు కారు షెడ్డు మాత్రం ఇంకా నోరు తెరుచుకొని ఉంది. దానికి షట్టర్ వేయించాలని నేనూ, నా భార్య ఎస్తేరూ అప్పటికే అనుకున్నాం. పాస్టరు గారు ఆమెన్ అన్నారో లేదో, మా బావ షెడ్డు ముందర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“ఏమప్పా బామ్మర్దీ, దీనికేం పెట్టిస్తాండావు?”

“షట్టర్, బావా.”

“షట్టరా? శానా మంచి పని. పొద్దున్నే నువ్వు షట్టర్ ఎత్తుతానే జనం సంచులు పట్టుకొని వస్తారు, సోనామసూరి ఉండాయా అని. ఇంక నీకు బడిపంతులు పని యాల, తక్కెడ పెట్టుకొని కూర్చో.”

అందరూ నవ్వారు. మా అక్క నవ్వింది. ఎస్తేరు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. అప్పుడే నా ఇంటిని దీవించిన పాస్టరు గారు కూడా నవ్వారు, కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా. ఆయన్ను కూడా నేను గుర్తు పెట్టుకున్నాను.

మరునాడు వడ్రంగి ఖాదర్ భాయ్‌ని పిలిపించాను. “భాయ్, షట్టర్ వద్దు. తలుపులు కావాలి. రెండు రెక్కల తలుపులు. చూసినవాడెవడూ అంగడి అనకూడదు.”

“అంగడా? తోబా తోబా! నవాబు కోటకు పెట్టినట్టు పెడతా సార్. ఏనుగు వచ్చి తలతో గుద్దినా కదలకూడదు.”

మా వీధికి ఏనుగులు రావని నాకూ తెలుసు. అయినా ఆ మాట వినగానే నా ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించింది.

ఒక్కటే చిక్కు. షెడ్డు పొడవు కారుకు బిగుతు చెప్పులా సరిపోయింది. తలుపులు లోపలికి తెరుచుకుంటే కారు ముక్కుకు తగులుతాయి. కాబట్టి బయటికి, వీధివైపుకే తెరుచుకోవాలి.

“ఇంకా మంచిది సార్” అన్నాడు ఖాదర్ భాయ్. “మీరు రెండు రెక్కలూ తోస్తే వీధిలో పోయేటోళ్ళు నిలబడి చూడాల.”

ఎస్తేరు వంటింట్లోంచే అంది. “షట్టరయితే పైకి పోతాది. ఎవురికీ అడ్డం రాదు. ఆయన నవ్వులాటకు అంటే దానికి ఇంత పంతమా?”

“నవ్వులాటా? నువ్వు కూడా నవ్వితివి.”

“నవ్వొస్తే నవ్వరా?”

నేను ఖాదర్ భాయ్ చేతిలో అడ్వాన్సు పెట్టాను.

టేకు తలుపులు వచ్చాయి. ఇత్తడి బొడిపెలు, పైన చెక్కిన ద్రాక్షగుత్తులు. మా బావను పనిగట్టుకొని పిలిపించాను. ఆయన తలుపులను పైనుంచి కిందిదాకా చూసి, మెచ్చుకుంటాడేమో అనుకునేలోగా కిందికి వంగాడు.

“ఈ సందు ఏందప్పా? పంది పిల్లాపాపలతో వచ్చి లోపల కాపురం పెడతాది.”

ఆయన బస్సెక్కగానే తలుపుల అడుగున మందపాటి ఇనుప పట్టీ కొట్టించాను. చీమ దూరాలన్నా పక్కకు తిరిగి ఊపిరి బిగబట్టాల్సిందే. తర్వాతిసారి వచ్చినప్పుడు పట్టీని చూసి తలూపాడు. కళ్ళు మాత్రం పక్కకు పోయాయి.

“మడతబందులు అన్నీ బయటే ఉండాయి గదా. దొంగనాయాలు చీలలు పీకి తలుపులే ఎత్తుకపోతాడు. కారు ఒక్కటే మిగులుతాది. అదీ నీ కారు గాబట్టి.”

సాయంత్రానికల్లా వెల్డింగు అతన్ని పిలిపించి, ప్రతి చీల తలమీదా ఇనుము కరిగించి పోయించాను. ఇక ఆ తలుపులను ఎత్తడం దొంగ తరం కాదు. ఎవరి తరమూ కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

నా కారును అన్నాడు చూశారా? ఎవరో వాడిన పాత కారే, నిజమే. కానీ దాన్ని నేను కొన్నది నాకోసం కాదు, కెజియా కోసం. కెజియా మా బావ కూతురు. ఆ మనిషికి అంత బంగారం లాంటి పిల్లను దేవుడు ఎందుకిచ్చాడో పాస్టరు గారిని అడగాలి. అది చిన్నపిల్లగా ఉన్నప్పుడు నేను కోడుమూరు పోయినప్పుడల్లా సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని ఊరంతా తిప్పేవాడిని. ఒకరోజు అడిగింది. “మామా, నా పెండ్లికి కూడా సైకిల్లోనే పోదామా?” “కాదులే, కార్లో పోదాం. నేనే తోల్తా” అన్నాను. పెద్దదై, మా ఇంట్లోనే ఉండి నర్సింగు చదివి, కర్నూలులోనే ఉద్యోగంలో చేరింది కానీ ఆ మాట మాత్రం మరిచిపోలేదు. పెళ్ళి కుదిరాక మగపెళ్ళివాళ్ళు పెద్ద కారు పంపిస్తామంటే, “అక్కర్లేదు. మా మామ కార్లో, మా మామ ఇంటి నుంచే వస్తా” అని చెప్పింది. నా జీవితంలో నన్నెవరూ అంత గౌరవించలేదు. మూలగ బొక్క కూడా మరిచిపోయాను. కాసేపే.

ఇక వీధి సంగతి. వానొస్తే మా వీధి బురద, రాకపోతే దుమ్ము. సిమెంటు రోడ్డు కోసం నేను సోమవారం సోమవారం అర్జీ ఇచ్చేవాడిని. నేను ఆఫీసు మెట్లెక్కుతుంటేనే అటెండరు లోపలికి కేకేసేవాడు, “రోడ్డు సార్ వచ్చినారు!” అని. చివరికి నామీద జాలిపడో, నన్ను చూడలేకో, రోడ్డు మంజూరు చేశారు. పెళ్ళికి కాస్త ముందు పని మొదలైంది.

వీధి చివరినుంచి సిమెంటు పోసుకుంటూ వస్తున్నారు. కారు మీద చిట్లకుండా దాన్ని షెడ్డులో పెట్టి, కోట తలుపులు మూసి, లోపల గడియ బిగించి, నేను వీధిలో కాపలా నిలబడ్డాను. మా ఇంటి ముందరికి వచ్చేసరికి సిమెంటు నాకు దోసెలా పలచగా కనిపించింది. రోడ్డు మేస్త్రిని ఆపాను.

“ఏంది మేస్త్రీ ఇది? రోడ్డా, వెల్లా?”

“అందరికీ ఇంతే సార్. సరిగ్గా కొలిచినట్టే పోసినాం.”

“ఈ రోడ్డు కోసం తిరిగింది నేను. నా ఇంటి ముందరే పలచన చేస్తారా? ఇంకా పొయ్యి.”

“సార్, మీ ఇంటి ముందర ఒక్కచోటే ఎత్తైతాది.”

“కానీ. ఎత్తుగా ఉంటే నష్టమేంది?”

ఎస్తేరు గుమ్మంలోంచి, “అందరికీ ఎంతనో మనకూ అంతే చాలు గదా” అంది. నేను వినలేదు. మేస్త్రి నా మొహం చూశాడు, నా చేతిలోని పాత అర్జీల కట్ట చూశాడు, నిట్టూర్చాడు. “పొయ్యండ్రా. సార్‌కు తృప్తి అయ్యేదాకా పొయ్యండి” అన్నాడు.

పోశారు. నా తృప్తి సామాన్యమైనది కాదు.

దానిమీద మట్టి కట్టలు వేసి, గడ్డి పరిచి, నీళ్ళు పెట్టారు. గట్టిపడేదాకా బండి దించొద్దన్నారు. పెళ్ళి ముందురోజు సాయంత్రం గడ్డి ఎత్తేశాక చూస్తే, పక్కిళ్ళవాళ్ళు వీధిలోంచి ఇంట్లోకి ఎక్కుతున్నారు, మేము మాత్రం దిగుతున్నాం. “చూడు, వీధి మొత్తంలో మన ముందరే రోడ్డు గంభీరంగా ఉంది” అని ఎస్తేరుకు చూపించాను కూడా. ఇంట్లోంచి షెడ్డులోకి ఒక చిన్న ద్వారం ఉంది. అందులోంచి పోయి అందరం కలిసి కారుకు మల్లెలు, గులాబీలు కట్టాం. కారు పెళ్ళికూతురికంటే ముందే సిగ్గుపడుతున్నట్టు కనిపించింది.

తెల్లవారింది. కెజియా తెల్లచీర కట్టుకొని, తలమీద ముసుగు సవరించుకొని హాల్లో నిలబడింది. నేను సూటు వేసుకొని షెడ్డులోకి పోయి, గడియ తీసి, రెండు అరచేతులతో తలుపులను తోశాను. వీధిలో పోయేవాళ్ళు నిలబడి చూడాలి కదా.

తలుపులు గొంతులో ఎముక అడ్డం పడ్డట్టు ‘క్ర్’ అన్నాయి. వేలెడు కదిలి ఆగిపోయాయి. ఇంకోసారి తోశాను. భుజంతో తోశాను. వీపు ఆనించి తోశాను. ఇనుప పట్టీ పోయి నా గంభీరమైన రోడ్డుకు కొట్టుకుంటోంది. తలుపుల అడుగుకంటే రోడ్డు జానెడు ఎత్తున ఉంది.

“ఏమైంది?” అంది ఎస్తేరు వెనకనుంచి.

“ఏం కాలేదు.”

“గుంజు.”

“గుంజేది కాదు, తోసేది. లోపలికి గుంజితే చౌకట్టు అడ్డం, కారు అడ్డం.”

“అయితే పైకెత్తి చీలలనుంచి తీసెయ్.”

కరిగించి పోసిన ఇనుము బయట చీలల తలలమీద పేరుకొని కూర్చుంది. ఖాదర్ భాయ్ మాట నిలబెట్టుకున్నాడు. ఏనుగు గుద్దినా కదలవు.

సరిగ్గా అప్పుడే వీధిలో హారను మోగింది. కోడుమూరు చర్చి దగ్గర పెళ్ళికి కుర్చీలు తక్కువయ్యాయని, కర్నూలులో అద్దెకు తీసుకుపోవడానికి మా బావ తన ట్రాలీ బండిలో స్వయంగా వచ్చాడు. వేరుశనగ మూటలు మోసే బండి అది. ఆయన దిగాడు. తలుపులను చూశాడు, రోడ్డును చూశాడు. తలుపుల సందులోంచి నా కన్ను ఒకటి ఆయన్ను చూస్తోంది.

“బామ్మర్దీ, లోపలే ఉండావా?”

“ఉండా.”

“బయటికి రా.”

“రాలేను.”

ఆయన మా ఇంటి మెట్టుమీద కూర్చున్నాడు. కొత్త సూటు నలుగుతుందన్న ధ్యాస కూడా లేదు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత కళ్ళనీళ్ళు వచ్చాయి. “ఒరే అప్పా! పంది దూరకూడదంటి. దొంగ పీకకూడదంటి. నువ్వు గూడా బయటికి రాకూడదని నేను ఎప్పుడంటిని?”

“నువ్వు ఆరోజు అంగడి అనకపోతే నేను షట్టరే వేయిస్తాంటిని!” అన్నాను సందులోంచి. ఆ సందులోంచి మనిషి గౌరవంగా కోప్పడలేడని అప్పుడే తెలిసింది.

ఇంతలో పాస్టరు గారు ఫోను చేశారు. ఆయనకు ఆరోజే ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళి జరిపించాల్సి ఉంది. మగపెళ్ళివాళ్ళు ఫోను చేశారు, కారు పంపించమంటారా అని. మా బావ నవ్వు ఆగింది. కూతురి ముఖం చూశాడు. నేనూ చిన్న ద్వారంలోంచి హాల్లోకి వచ్చి దాని ముఖం చూడలేక నేలను చూశాను.

“పంపించమని చెబుదాంలే అమ్మా” అన్నాను. “నా కారు రాదు.”

కెజియా ముసుగు ఎత్తింది. “నేనేం కారును అడిగినానా మామా? నువ్వు తోల్తానంటివి. ఆ పొద్దు సైకిలైనా నాకు ఒకటే. నాయినా, బండి తాళం మామకు ఇయ్యి.”

“ట్రాలీలోనా!” అన్నాడు మా బావ. “పెండ్లికూతురువి! బండంతా సెనక్కాయ దుమ్ము.”

“మామ యా బండి తోలితే ఆ బండే ఎక్కుతా. లేదంటే ఈడనే కూర్చుంటా.”

మా బావ నావైపు తిరిగాడు. “ఈ మొండితనం యాడనుంచి వచ్చిందో తెలుసునా నీకు?”

“మా వంశంలోదే” అన్నాను.

కారు మీది పూలన్నీ విప్పి చిన్న ద్వారంలోంచి మోసుకొచ్చి ట్రాలీకి కట్టాం. ముందు సీటులో దుప్పటి పరిచి కెజియాను కూర్చోబెట్టి, నేను స్టీరింగు పట్టుకున్నాను. దారిలో అద్దె కుర్చీలు ఎక్కించుకున్నాం. ఇక మిగిలిన జనానికి చోటు వెనకనే. ఎస్తేరు ఒక కుర్చీ వేసుకొని స్థిరంగా కూర్చుంది. మా బావ ఇంకో కుర్చీ వేసుకొని, ఒక చేత్తో అంచు, ఇంకో చేత్తో టై పట్టుకున్నాడు. కర్నూలు నుంచి కోడుమూరు దాకా రోడ్డు మీద దేవుడు నాకోసం కొన్ని గుంతలు పెట్టి ఉంచాడు. ఒక్కటి కూడా వదలలేదు.

“మామా, మెల్లగా. వెనకాల నాయిన ఎగురుతాండాడు” అంది కెజియా.

“నువ్వు పడిపోతావని సైకిలు మెల్లగా తొక్కేవాడిని. ఈరోజు తోలనీ” అన్నాను. అది ముసుగులోపల నవ్వి నవ్వి కాటుక చెరుపుకుంది. చర్చి ముందర దిగినప్పుడు పాస్టరు గారు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు. ఈసారి క్షమించాను.

పెళ్ళయ్యాక మా బావే ఇనుము కోసే మిషను తెచ్చి, మడతబందులు కోసి, తలుపులు ఊడదీశాడు. అవి ఇప్పుడు కోడుమూరులో ఆయన వేరుశనగ గోదాముకు ఉన్నాయి. ద్రాక్షగుత్తులతో సహా. చక్కగా తెరుచుకుంటున్నాయని ప్రతి ఫోనులోనూ చెబుతాడు. నా కారు షెడ్డుకు షట్టర్ వచ్చింది. మా ఎత్తు రోడ్డు మీది వాననీళ్ళు తమ గుమ్మాల ముందర నిలబడుతున్నాయని పక్కిళ్ళవాళ్ళు ఇచ్చిన అర్జీ కూడా వచ్చింది.

షట్టర్ బిగించిన మరుసటి ఉదయం దాన్ని సగం ఎత్తానో లేదో, ఎదురుగా ఒక ముసలమ్మ. చేతిలో సంచి.

“నాయినా, సోనామసూరి ఉండాయా?”

ఆమెను మా బావ పంపించాడని నేనంటాను. లేదని ఆయన చర్చిలో నిలబడి చెబుతానంటాడు. లోపలినుంచి ఎస్తేరు మాత్రం, “రేపు రమ్మని చెప్పు” అంది.

కాబట్టి పాఠకులందరి ఎదుట, కుడిచెయ్యి గుండెమీద పెట్టుకొని ప్రమాణం చేస్తున్నాను. బావ నవ్వాడని ఇక తలుపు మార్చను. నా ఇంటి ముందర గోరంత ఎత్తు ఎక్కువ వేయమని ఎవరినీ అడగను. బయటికి తెరుచుకునేదేదీ, కిటికీ రెక్కతో సహా, నా ఇంట్లో ఉండనివ్వను. ఇప్పుడున్న షట్టర్ పైకి పోతుంది. దానికి అడ్డం ఒక్క ఆకాశమే. ఆ ఆకాశాన్ని కిందికి దించమని నేను అర్జీ పెడితే తప్ప భయం లేదు.