పటిక నీళ్ళలో ముంచిన గౌను

పారిస్‌లోని ఆ నాటకశాల మేడమీద, కుట్టుగదిలో జెలీ కూర్చుందంటే పెదవుల మధ్య గుండుసూదులుంటాయి. వాటి సందులోంచే తిట్లూ వస్తుంటాయి. నాట్యకత్తెలు గాలిలో తేలే దేవకన్యల్లా కనిపించాలని, పలచని మస్లిన్ బట్టను పొర మీద పొర వేసి గంటలా విచ్చుకునే తెల్ల గౌన్లు కుడుతుంది. కిందటి చలికాలం లియోనీ అనే పిల్ల గౌను అంచు వేదిక పక్కనున్న గ్యాసు దీపానికి తగిలింది. జెలీ కుట్టిన గౌనే ఆ పిల్లను చుట్టుకుని మండింది. పిల్ల బతకలేదు. ఆర్పబోయి కాలిన జెలీ వేళ్ళు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు.

అప్పటినుంచి ప్రతి గౌనునూ పటిక నీళ్ళలో ముంచుతోంది. అలా ముంచిన బట్ట తొందరగా అంటుకోదు గాని, బిరుసెక్కి పసుపురంగుకు తిరుగుతుంది. ఈ సాయంత్రం ప్రధాన నర్తకి అపొలిన్ తనకిచ్చిన అలాంటి గౌనును నేలకేసి కొట్టింది. “గోనెసంచి కట్టుకుని గెంతమంటావా? నా పాత గౌను తే.” జెలీ తెచ్చింది. తెచ్చి, ఆమె కళ్ళముందే నడుము నుంచి అంచు దాకా కత్తెరతో చీల్చేసింది. “నీకు పిచ్చెక్కింది ముసలీ. రేపు నీ పని ఊడగొట్టిస్తా.” “రేపు కదా. ఇవాళ్టికి ఇది కట్టుకో,” అంటూ జెలీ నేలమీది పసుపు గౌను తీసి అందించింది. తెర లేచే గంట మోగింది. గత్యంతరం లేక అపొలిన్ పసుపు గౌనులోనే ఆడింది. చప్పట్లకేమీ తక్కువ కాలేదు. అయినా లోపలికి వస్తూనే మళ్ళీ తిట్లు లంకించుకుంది. జెలీ ఆమె వీపు మీది హుక్కులు విప్పుతూ, “తిట్టవే, ఎంతసేపైనా తిట్టు. లియోనీ నన్ను ఒక్క మాటైనా అనకుండా పోయింది,” అంది.